చేత లేని వాక్యం

ముసఫ్ఫాలో మా క్యాంపు, ఆరో బ్లాకు.
మెస్సు తలుపు మీద కొత్త నోటీసు.
నాలుగు మూలలా టేపు ఉంది,
సంతకం ఒక్క మూలలోనూ లేదు.

నాలుగింటి బస్సుకు ముందు
డబ్బాల్లో అన్నం సర్దుకుంటూ పిలుస్తారు:
"సారూ, ఏమంటున్నరు?"
టైంకీపర్ని నేను. అంతకుముందు మెట్‌పల్లిలో
ప్రైవేటు బడి పిల్లలకు ఇంగ్లీషు గ్రామరు చెప్పేవాణ్ణి.
ఇక్కడా సారునే,
జీతం మాత్రం వాళ్ళకంటే వంద దిర్హాములు ఎక్కువ.

"కార్మికులు గదులను శుభ్రముగా ఉంచవలెనని ఆశించబడుతున్నది,
తనిఖీ సజావుగా జరుగుటకు గాను."
పోశెట్టి గరిటె ఆపాడు.
"ఆశపడుడు మంచిదే. ఆశపడేది ఎవలు?"
రాయలేదన్నాను.
"మా అవ్వ ఆశపడ్తది, నెలకు పదివేలకు.
షావుకారు ఆశపడ్తడు, మిత్తికి.
ఆశకు ఒక మొఖం ఉంటది గద సారూ."

నవ్వులు. బయట హారను.

తొమ్మిదో తరగతికి నేనే నోట్సు చెప్పాను:
కర్త ఎవరో తెలియనప్పుడు, చెప్పే అవసరం లేనప్పుడు
'చేత' వదిలేయవచ్చు.
వదిలేసిన వాళ్ళకు నిండు మార్కులు వేశాను.
మూడో బెంచీలో లింబాద్రికి వదలడం వచ్చేది కాదు,
ప్రతి వాక్యం చివరా 'బై సమ్‌బడీ' అని తగిలించేవాడు.
అర మార్కు కోసేవాణ్ణి.
ఇప్పుడు ఇక్కడే ఇనుప చువ్వలు వంచుతున్నాడు.
ఆ అర మార్కు మాట వాడూ ఎత్తడు, నేనూ ఎత్తను.

పాస్‌పోర్టులు ఆఫీసులో ఉంచబడినవి, పోకుండుటకు.
("ఏం పోకుండ? అవా, మనమా?" లింబాద్రి.)
మధ్యాహ్న విరామము ఇవ్వబడినది, ఎండదెబ్బ తగలకుండుటకు.
జీతములు ఆలస్యమగునని భావించబడుతున్నది,
అందరూ సహకరించుటకు.
ప్రతి వాక్యానికీ తోక ఉంది,
మన మేలు కోసమే ఊగుతున్నట్టు.
తల ఎటుందో దొరకదు.

మనం ఇట్లా మాట్లాడం.
మనకు పడటమంటే పడటమే.
కష్టపడతాం, భయపడతాం, త్వరపడి బస్సెక్కుతాం.
పదో తారీఖు దాటాక
జీతం పడిందా అని ఫోను నొక్కి నొక్కి చూస్తాం.
పరంజా మీద ఎనిమిది గంటలు నిలబడతాం.
నిలబడటంలోనూ పడటం ఉందని
ఏ గ్రామరు పుస్తకంలోనూ నేను చదవలేదు.

ఎండలు ముదిరాక పోశెట్టి తెల్లకాగితం పట్టుకొచ్చాడు.
బిడ్డ నర్సింగులో చేరుతోంది,
బ్యాంకు లోనుకు తండ్రి సంతకం కావాలి.
ఇరవై రోజులు.
అలవాటు కొద్దీ మొదలుపెట్టాను:
సెలవు మంజూరు చేయవలసినదిగా కోరబడుతున్నది...
తెలుగులో చెప్పమన్నాడు, చెప్పాను.
"కోరెటోణ్ణి నీ ముంగటనే కూసున్న గద.
నన్నెందుకు తీసేసినవ్?"

కొట్టేసి మళ్ళీ రాశాను.
ఐ. ఒక్క అక్షరం, ఒక నిలువు గీత.
దాని పక్కన వేలు పెట్టి చూసుకున్నాడు.
"ఇది నేనా? మస్తు చిక్కిన."

పన్నెండో రోజున జవాబు:
మీ విన్నపము గమనించబడినది,
తగు సమయమున పరిశీలించబడుటకై.

ఇంకా తెల్లవారలేదు. ఉక్క.
అద్దాల మీద చెమట పట్టిన బస్సు వాకిట్లో ఆగి ఉంది.
పోశెట్టి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.
"గమనించింది ఎవలో చూసొస్త."
ఆఫీసు ఎనిమిదికి గాని తెరవరు, రెండు కిలోమీటర్లు,
అన్నాను.
చెప్పులేసుకున్నాడు.
వెనకాలే లింబాద్రి లేచాడు,
డబ్బా మూత కూడా పెట్టకుండా.

బస్సు వెళ్ళిపోయింది.
రిజిస్టరు తెరిచి కూర్చున్నాను.
రెండు పేర్లు, రెండు ఖాళీ గళ్ళు.
గైరుహాజరు, అని నాకు తెలిసిన మాట.
పెన్ను చాలాసేపు గాల్లోనే ఉంది.

హాజరు వేయబడినది.
నా చేత.